గేటు బయట నిలబడింది చాలు, లోపలికి పోదాం రండి

గాజియాబాద్‌లో వైశాలి, వసుంధర, కౌశాంబి, భోవాపూర్, మకన్‌పూర్ వైపు ఉంటున్న తెలుగు తల్లులకు, తండ్రులకు, పెద్ద తరగతుల పిల్లలకు



జులై వచ్చింది. ఎండాకాలం సెలవులు అయిపోయి ఇక్కడి సర్కారు హైస్కూళ్లు తెరిచారు. ఆగస్టు దాటితే తొమ్మిదో తరగతి పిల్లల పేర్లు యూపీ బోర్డుకు వెళ్లిపోతాయి. ఆ తర్వాత పేరులో ఒక్క అక్షరం తప్పున్నా దిద్దించుకోవడానికి కాళ్లరిగేలా తిరగాలి. అందుకే ఈ కరపత్రం ఇప్పుడే మీ చేతికి ఇస్తున్నాం. మడిచి జేబులో పెట్టుకోకండి. ఇంటికెళ్లి పిల్లల చేత పైకి చదివించండి. తెలుగు చదవడం మరిచిపోతున్నారని రోజూ వాళ్లను తిడుతూనే ఉన్నాం కదా, ఆ పనీ అవుతుంది.

మాకు జెండా లేదు, చందా పుస్తకం లేదు. సర్కారు హైస్కూల్లో పిల్లల్ని చదివించుకుంటున్న తల్లిదండ్రులం. మాలో తాపీ పనివాళ్లున్నారు, ఇళ్లల్లో వంట చేసే ఆడవాళ్లున్నారు, రాత్రి డ్యూటీ వాచ్‌మన్లున్నారు, ఆఫీసు ఉద్యోగులు ఇద్దరు ముగ్గురున్నారు. శ్రీకాకుళం వాళ్లం, పాలమూరు వాళ్లం, ఒంగోలు వాళ్లం. ఊళ్లో ఉన్నప్పుడు ఒకరికొకరం తెలియదు. ఇక్కడ బడి గేటు బయట పిల్లల కోసం నిలబడి పరిచయమయ్యాం.

చెప్పదలచింది ఒకటే. పిల్లల బడిలో మనం పడ్డదీ, పిల్లలు పడ్డదీ అంతా మెట్ల మీద కూర్చుని, మెట్రో స్టేషను కింద షేర్ ఆటో కోసం నిలబడి, ఊరికి ఫోన్ చేసి చెప్పుకుంటున్నాం. చెప్పుకున్నాక మనసు తేలికపడుతుంది, అక్కడితో సరి. ఆ మాటలేవీ బడి కాగితాల్లోకి ఎక్కడం లేదు. ఈ ఏడు వాటిని రాసి, సంతకం పెట్టి, లోపలికి తీసుకెళ్లి ఇద్దాం.

మొన్నటి చదువుల ఏడాది చివర్లో జరిగిన పేరెంట్ మీటింగు సంగతి వినండి. టెక్కలి దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ రెండిళ్లలో వంట చేసుకునే అమ్మ ఒకామె, ఒక పూట పని మానుకొని కూతురి బడికి వెళ్లింది. మానితే ఆ పూట డబ్బులు కోత. వరుసలో నిలబడగా నిలబడగా ఆమె వంతు వచ్చింది. టీచరమ్మ రిజిస్టరు తిప్పి, ఒక గడి మీద వేలు పెట్టి, హిందీలో గబగబా నాలుగు మాటలు చెప్పింది. ఈమె తలూపింది. పెన్ను ఇచ్చారు, సంతకం పెట్టింది, వచ్చేసింది. ఏం చెప్పారమ్మా అని మేం అడిగితే, "ఏటో సెప్పినారు బాబూ. నాకు తెలిస్తే కదా. నవ్వేసి వచ్చేసినాను" అంది. సంతకం పెట్టిన గడిలో ఏముందో తర్వాత కూతురే చెప్పింది. అమ్మాయి హిందీలో, లెక్కల్లో వెనకబడి ఉంది, తల్లికి తెలియజేశాం అని రాసి ఉందట. రికార్డు ప్రకారం ఆ తల్లికి అన్నీ తెలుసు. అంగీకరించింది కూడా.

ఆ బడి పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్క బడిని వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు. ఆ తల్లి స్థానంలో మనలో ఎవరున్నా జరిగేది అదే.

చేర్పించే రోజు నుంచే మొదలు

మన దగ్గర బడి జూన్ 12కి తెరుస్తారు. ఇక్కడ చదువుల ఏడాది ఏప్రిల్ 1న మొదలవుతుంది. ఊళ్లో పరీక్షలు రాయించి, మామిడిపళ్లు తినిపించి, జూన్‌లో రైలెక్కి మనం దిగేసరికి ఇక్కడ ఏప్రిల్, మే పాఠాలు అయిపోయి సెలవులు నడుస్తుంటాయి. జులైలో చేరిన పిల్లకు పుస్తకంలో మొదటి నాలుగు పాఠాలు ఎవరూ చెప్పరు. టీచరు తప్పు లేదు, పిల్ల తప్పు లేదు, క్యాలెండరు తప్పు. అర్ధసంవత్సర పరీక్షలో ప్రశ్నలు మాత్రం ఆ నాలుగు పాఠాల నుంచీ వస్తాయి.

ఇంకో తికమక. ఇక్కడ ఎనిమిదో తరగతి దాకా ఒక శాఖ, తొమ్మిది నుంచి ఇంకో శాఖ. ఎనిమిది అయిపోగానే టీసీ చేతిలో పెట్టి ఫలానా ఇంటర్ కాలేజీలో చేర్పించండి అంటారు. పాలమూరు నుంచి వచ్చిన ఒక తండ్రి ఈ మాట విని వారం రోజులు ఇంట్లో కూర్చున్నాడు. "తొమ్మిదో తరగతి పోరిని కాలేజీల ఎట్ల చేరుస్తరు సార్, నన్ను చూసి నవ్వుతున్నరనుకున్న" అన్నాడు. ఆయన అనుకోవడంలో వింత లేదు, మనకు ఇంటర్ అంటే పది తర్వాతే కదా. యూపీలో ఇంటర్ కాలేజీ అంటే ఆరు నుంచో తొమ్మిది నుంచో పన్నెండు దాకా ఉండే బడి. పదో తరగతి పరీక్షను 'హైస్కూల్' అంటారు. ఈ సంగతి తెలియక వారాలు పోగొట్టుకున్న ఇళ్లు మాకు మూడు నాలుగు తెలుసు. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఉన్న ఈ సందులోనే మన పిల్లలు ఎక్కువమంది జారిపోతున్నారు. ముఖ్యంగా ఆడపిల్లలు.

ఇక పేర్లు. మనకు ఇంటిపేరు ముందు, ఇక్కడ వెనక. ఆధార్‌లో ఒక తీరు, ఊరి బడి టీసీలో ఇంకో తీరు. స్వాతి, సుజాత, లలిత అనే పేర్లకు మనం ఇంగ్లీషులో చివర టీ పక్కన హెచ్ పెడతాం. ఇక్కడి బాబు, అంటే గుమస్తా, ఆ ఇంగ్లీషును చూసి హిందీలోకి దింపేటప్పుడు స్వాథి, సుజాథా అని రాస్తాడు. తండ్రి పేరు గడిలో ఇంటిపేరు ఒక్కటే వేసి వదిలేసిన కాగితం కూడా చూశాం. అంటే ఆ అమ్మాయి తండ్రి పేరు రికార్డులో 'బొడ్డేపల్లి'. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఏది పడితే రేపు ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు, బ్యాంకుకు అదే పేరు. యూపీ బోర్డుకు ఏటా 50 లక్షల మందికి పైగా పరీక్ష రాస్తారు. అంత సముద్రంలో మన పిల్ల పేరులోని ఒక ఒత్తు కోసం ఎవరూ వెతకరు. బోర్డుకు పేర్లు పంపక ముందే, బడిలోనే, ఆ ప్రింటు కాగితం అడిగి తీసుకుని ఇంటికి తెచ్చి చూసుకోవాలి. అడిగితే ఇస్తారు. ఇంతవరకూ మనం అడగలేదు.

పెన్ నంబరు గురించి కూడా. బడిలో ఉన్న ప్రతి పిల్లకూ కేంద్రం వాళ్ల యూడైస్ పోర్టల్‌లో ఒక శాశ్వత నంబరు ఉంటుంది, దాన్నే పెన్ అంటారు. ఊరి బడి హెడ్‌మాస్టారు పోర్టల్‌లో పిల్లను వదిలితేనే ఇక్కడి బడి చేర్చుకోగలదు. ఊళ్లో ఆయన బదిలీ అయిపోతారు, కొత్తాయన ఫోనెత్తరు, ఇక్కడ బాబు 'ఆన్‌లైన్‌లో రావట్లేదు, తర్వాత రండి' అంటాడు. ఊరు వదిలే ముందే టీసీతో పాటు పెన్ నంబరు రాయించుకుని, పోర్టల్‌లో వదిలారో లేదో అడిగి రండి. ఊళ్లో ఉన్న మీ తమ్ముళ్లకు, మరదళ్లకు, ఈ ఏడు రాబోయేవాళ్లకు ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకైతే విద్యాహక్కు చట్టం 5వ సెక్షను స్పష్టంగానే ఉంది: ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారినా సరే, టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు.

హిందీ దెబ్బ లెక్కల్లో తగులుతుంది

ఇది కొంచెం నిదానంగా చదవండి. అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఇదే.

ఆంధ్రాలో ఆరో తరగతిలో హిందీ మొదలవుతుంది. అక్కడ పదో తరగతిలో హిందీ పేపరుకు 20 మార్కులు వస్తే పాస్. ఇక్కడ హిందీ అంటే మొదటి భాష, అందులో పద్యాలు, వ్యాకరణం, కొంత సంస్కృతం కూడా. పాస్ కావాలంటే 33. తొమ్మిదిలో వచ్చి చేరిన పిల్లకు ఉన్నది రెండేళ్లు కూడా కాదు. హిందీ ఇంట్లో మాట్లాడే పిల్లలకే ఇది కొండ. 2020లో ఇదే బోర్డులో హైస్కూల్, ఇంటర్ కలిపి దాదాపు 8 లక్షల మంది హిందీలో తప్పారు. కాబట్టి హిందీలో తప్పిన మీ పిల్లను మొద్దు అనకండి. ఆ 8 లక్షల మందిలో తెలుగువాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి!

అయితే హిందీ పేపరు ఒక్కటే అయితే ట్యూషన్ పెట్టి గట్టెక్కించవచ్చు. లెక్కలు, సైన్సు, సాంఘికం అన్నీ ఆ భాషలోనే చెప్తారు. మాలో ఒకరి అబ్బాయి ఊళ్లో లెక్కల్లో ఎప్పుడూ ముందుండేవాడు. ఇక్కడ మొదటి నెల పరీక్షలో సున్నా దగ్గరికి వచ్చాడు. వాడి నోటు పుస్తకం తెరిచి చూస్తే సంగతి తెలిసింది. టీచరు 'పౌనే దో' అన్నప్పుడల్లా వాడికి 'దో' ఒక్కటే వినిపించి రెండు అని వేసుకున్నాడు. అది ఒకటీ ముప్పావు. 'ఢాయీ' అంటే రెండున్నర అని తెలియక వదిలేశాడు. లెక్క చేసిన పద్ధతి అంతా సరిగ్గానే ఉంది, మొదటి అంకె తప్పు. ఎర్ర సిరాతో పేజీ అడ్డంగా కొట్టేశారు. రెండు నెలలు ఎవరికీ ఏమీ చెప్పలేదు వాడు. లెక్కలంటే ఇష్టమున్న పిల్లాడు లెక్కల పీరియడులో కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టాడు.

వాడిని గట్టెక్కించింది కూడా ఆ బడిలోని టీచరే. సైన్సు చెప్పే మేడమ్ ఒకరు వాడిని ముందు బెంచీకి మార్చి, హిందీ అంకెలు, భిన్నాలు ఒక అట్ట మీద రాయించి, పక్కన తెలుగులో వాడి చేతే రాయించారు. ఆ అట్ట ఇప్పుడు ఆ తరగతిలో ముగ్గురు తెలుగు పిల్లల చేతులు మారింది. ఒడిశా నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఒడియాలో రాసుకున్నాడు. పైసా ఖర్చు లేని పని. ఇలాంటివి కూడా రాయాలి. అనుభవాలు రాయమంటే ఫిర్యాదులే రాయాలని కాదు. మంచి చేసినవాళ్ల సంగతి రాస్తే ఆ పని ఇంకో తరగతికి పాకుతుంది. టీచర్ల అవస్థ కూడా మనం చూస్తూనే ఉన్నాం. ఓటర్ల జాబితా పని, ఎన్నికల డ్యూటీ, పోర్టల్‌లో అంకెలు ఎక్కించే పని, ఇవన్నీ అయ్యాక మిగిలిన పొద్దులో పాఠం.

మీలో చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. యూపీ బోర్డు హైస్కూల్ పరీక్షల టైమ్‌టేబుల్ తీసి చూడండి. అందులో గుజరాతీ, పంజాబీ, బంగ్లా, తమిళం వరసలో తెలుగు కూడా ఉంటుంది. హిందీ నుంచి మినహాయింపు ఉన్న పిల్లలకు 'ప్రారంభిక హిందీ' అని వేరే పేపరూ ఉంటుంది. మన పిల్లల్లో ఎవరికి అవి వర్తిస్తాయి, ఎలా పెట్టుకోవాలి అని ఏ బడిలోనైనా మనం కాగితం మీద అడిగామా? నోటితో అడిగితే 'అలాంటివి ఇక్కడ లేవు' అని బాబు చెప్పేస్తాడు. కాగితం మీద అడిగితే హెడ్‌మాస్టారు పై ఆఫీసును అడగాల్సి వస్తుంది. రెండు జవాబులూ ఒకటే కావాలని లేదు.

అన్నం, డబ్బులు, ఫోను

మన రెండు రాష్ట్రాల్లో పదో తరగతి దాకా మధ్యాహ్న భోజనం ఉంది. ఆంధ్రాలో గుడ్డు కూడా. ఇక్కడ ఎనిమిది దాకానే, గుడ్డు లేదు. తొమ్మిదిలో చేరిన పిల్ల పొద్దున తాగిన టీ మీద మధ్యాహ్నం దాకా ఉంటుందని మనం గమనించుకోవాలి, ఇంటి నుంచి డబ్బా పంపాలి. ఎనిమిది దాకా చదివే పిల్లలకు యూనిఫాం, స్వెట్టర్, బూట్లు, బ్యాగు కోసం 1,200 రూపాయలు తల్లిదండ్రుల ఖాతాలో పడతాయి. మన ఖాతా ఊరి బ్యాంకులో ఉంటుంది, ఆధార్ ముడిపడి ఉండదు, డబ్బు పడదు. స్వెట్టర్ లేకుండా జనవరిలో ఇక్కడ బడికి వెళ్లడమంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. ఖాతా సరిచేయించుకోవడం ఒక్క పూట పని. ఎలాగో తెలిసినవాళ్లు మాలో ఉన్నారు.

బడి మూతపడే రోజుల సంగతి వేరు. జులైలోనో ఆగస్టులోనో శ్రావణ మాసపు కావడి యాత్ర అని గాజియాబాద్ జిల్లాలో కొన్ని రోజులు బడులు మూస్తారు. ఊరి నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు ఇది తెలియదు. పిల్లల్ని తయారుచేసి గేటు దాకా వెళ్లి తాళం చూసి వెనక్కి వస్తారు. డిసెంబరు, జనవరిలో మంచు, చలి. దానికి ముందు పొగ. 2024 నవంబరులో గాలి పాడై బడులు మూసేసి పాఠాలు ఆన్‌లైన్ అన్నారు. వైశాలిలో ఆ వారం గాలి ఎలా ఉందో, ఘాజీపూర్ చెత్తకొండ వైపు నుంచి వచ్చే వాసనతో కలిసి గొంతు ఎలా మండిందో మరిచిపోలేదు కదా. పిల్లల్ని ఇంట్లో ఉంచడం సరైనదే. కానీ ఇంట్లో ఉన్న ఫోను ఒకటి, అది నాన్న జేబులో సైటు మీద ఉంటుంది. పొద్దున తొమ్మిదికి వచ్చిన పాఠం పిల్లలు రాత్రి తొమ్మిదికి చూశారు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అబ్బాయి ముందు, అమ్మాయి తర్వాత. అమ్మాయి వంతు వచ్చేసరికి డేటా అయిపోయింది. ఇది ఎవరో రాసిన కథ కాదు, మా వీధిలో ఒక్క వారంలో నాలుగిళ్లలో జరిగింది.

ఎనిమిది దాకా ఏడాదికి ఎన్ని రోజులు బడి నడవాలో విద్యాహక్కు చట్టం లెక్క కట్టింది: అయిదు దాకా 200, ఆ పైన 220. తొమ్మిది, పది పిల్లలకు ఆ చట్టం వర్తించదు. పద్నాలుగేళ్ల దగ్గర ఆగిపోయే చట్టం అది. పిల్లకు చదువు కష్టమయ్యే ఏడు, ఇంట్లో పెళ్లి మాట లేచే ఏడు, తమ్ముణ్ని చూసుకోవడానికి ఇంట్లో ఉండమనే ఏడు, సరిగ్గా అక్కడే.

ఆడపిల్లల గురించి తల్లులు పైకి చెప్పని సంగతి ఒకటి ఉంది. బడిలో మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదని, నీళ్లు రావని, నెలకు మూడు నాలుగు రోజులు పిల్లలు బడి మానేస్తున్నారు. పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా బడికి వెళ్లే పిల్లలున్నారు. దీన్ని మీటింగులో ఎలా అడుగుతాం అని సిగ్గుపడుతున్నాం. ఒక్కరం అడగలేం. పదిమంది తల్లులం కలిసి వెళ్లి అడగడానికి సిగ్గెందుకు? గడియ ఖరీదు ఒక టీ, సమోసా ఖర్చు.

"మన పిల్ల మీద కక్ష కడితే?"

మేం ఏ ఇంటికి వెళ్లినా మొదట వినిపించే మాట ఇది. ఊరికే కొట్టిపారేసే భయం కాదు. ప్రాక్టికల్ మార్కులు వాళ్ల చేతిలో ఉంటాయి. పిల్లను తరగతిలో లేపి నిలబెట్టి 'మీ అమ్మ కంప్లయింట్ ఇచ్చింది కదా' అంటే ఆ పిల్ల మళ్లీ ఆ బడికి వెళ్లనంటుంది. మాలో ఒకరికి అలా జరిగింది కూడా. అందుకే ఒక్కొక్కరం విడిగా వెళ్లొద్దు. కాగితం మీద పిల్ల పేరు వద్దు, తరగతి చాలు. కింద ఇరవై సంతకాలు ఉంటే ఏ పిల్ల తల్లి రాసిందో ఎవరికి తెలుస్తుంది? హిందీవాళ్లు, బెంగాలీలు, ఒడియావాళ్లు ఉన్నారు మన పక్కనే, వాళ్లవీ ఇవే బాధలు. వాళ్ల సంతకాలు కూడా తీసుకుందాం.

ఇంకో మాట, 'రెండేళ్లలో సైటు అయిపోతుంది, వెళ్లిపోతాం, మనకెందుకు.' రెండేళ్లంటే తొమ్మిది, పది. మీ పిల్ల జీవితంలో ఆ రెండేళ్లు మళ్లీ రావు.

'ప్రైవేటులో వేస్తే పోదా' అనేవాళ్లకు ఏమీ చెప్పం. వేయగలిగితే వేయండి. ఫీజు కట్టలేక నవంబరులో మానిపించి మళ్లీ సర్కారు బడి గేటు దగ్గరికి వచ్చినవాళ్లు మాత్రం మా కాగితం మీద సంతకం పెడుతున్నారు.

చట్టం మనకు కుర్చీ వేసి ఉంచింది

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. యూపీ నిబంధనల్లో 15 మంది సభ్యుల్లో 11 మంది తల్లిదండ్రులు. బడికి వచ్చే డబ్బు ఎలా ఖర్చవుతోంది, టీచర్లు వస్తున్నారా, అన్నం వండుతున్నారా అని చూసే అధికారం వాళ్లది. తొమ్మిది నుంచి పన్నెండు ఉండే సర్కారు బడులకు యాజమాన్య, అభివృద్ధి కమిటీ అని వేరేగా ఉంటుంది, ఎస్ఎండీసీ అంటారు. అందులోనూ తల్లిదండ్రులు ఉండాలి.

మీ పిల్ల బడి కమిటీలో తల్లిదండ్రుల తరఫున ఎవరున్నారో మీకు తెలుసా? మాకూ మొన్నటి దాకా తెలియదు. బడి గోడ మీద పేర్లు ఉన్నాయేమో చూడండి. లేకపోతే అడగండి. కమిటీ మళ్లీ ఎప్పుడు వేస్తారో అడిగి, ఆ రోజుకు మనలో ఇద్దరు తల్లులు వెళ్లి పేర్లు ఇవ్వాలి. హిందీ రాకపోవడం అడ్డు కాదు, చట్టంలో ఎక్కడా ఆ షరతు లేదు.

ఎవరికి రాయాలన్నది కూడా చాలామందికి తెలియదు. ఎనిమిది దాకా అయితే జిల్లా బేసిక్ శిక్షా అధికారికి, బీఎస్ఏ అంటారు. తొమ్మిది నుంచి జిల్లా విద్యాలయ నిరీక్షక్‌కు, డీఐఓఎస్ అంటారు. తొమ్మిదో తరగతి సంగతి బీఎస్ఏకు రాస్తే అది మాది కాదని పక్కన పెడతారు, మనం నెలలు ఎదురు చూస్తాం. ఎక్కడా పని జరగకపోతే ముఖ్యమంత్రి హెల్ప్‌లైన్ 1076 ఉంది. పది రూపాయలతో సమాచార హక్కు కింద అడగవచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ముందు మాత్రం బడి హెడ్‌మాస్టారుకే ఇద్దాం. ఆయన తలుచుకుంటే తీరే పనులే ఎక్కువ.

తల్లిదండ్రుల్ని బడిలోకి పిలవడం మన దేశంలో ఎక్కడా జరగని వింత కాదు. మెట్రోలో రెండు స్టేషన్లు వెళ్తే ఆనంద్ విహార్, ఢిల్లీ. అక్కడి సర్కారు బడులన్నిట్లో 2016 జులై 30న మొదటి మెగా పేరెంట్ మీటింగు పెట్టారు. ఆంధ్రాలో 2024 డిసెంబరు 7న రాష్ట్రం మొత్తం ఒకే రోజు పెట్టారు. ఆ రోజు ఊళ్లో ఉన్న మాలో ఒకరి అక్క ఫొటోలు పంపింది, ముగ్గులు, కబడ్డీ, పిల్లలతో కూర్చుని భోజనం. అందులో ఆర్భాటం కొంత ఉందనుకోండి. అయినా ఆ తల్లులు బెంచీల మీద కూర్చున్నారు, ఎవరూ వాళ్లను గేటు బయట నిలబెట్టలేదు.

గేటు అంటే గుర్తొచ్చింది. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల్లో ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర పద్నాలుగేళ్ల పిల్ల ఒకతె కాపలా ఉండి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. ఆమె దుర్గాబాయి, తర్వాత దేశ్‌ముఖ్. అప్పటికే ఆడవాళ్లకు హిందీ నేర్పడానికి చిన్న పాఠశాల పెట్టుకుని నడిపింది ఆ పిల్ల. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుంది. 1948లో ఢిల్లీలోని తెలుగు పిల్లల చదువు కోసం ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టింది కూడా ఆమే. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ మార్గ్‌లో, ప్రసాద్‌నగర్‌లో, జనక్‌పురిలో ఆ సొసైటీ బడులు ఇప్పటికీ నడుస్తున్నాయి. అవి ఢిల్లీలో ఉన్నాయి, మనం సరిహద్దు ఇవతల ఉన్నాం. మనం కొత్త బడి కట్టమని ఎవర్నీ అడగడం లేదు. ఉన్న బడిలో మన కుర్చీలో మనం కూర్చుంటామంటున్నాం.

ఉద్యోగస్తులైన తెలుగువాళ్లకు ఒక మాట

అన్నగారూ, అక్కగారూ, మీ పిల్లలు సర్కారు బడిలో లేరు, తెలుసు. ఉగాదికి, సంక్రాంతికి మీరు పెట్టే కార్యక్రమాలకు మేమూ వస్తుంటాం, వెనక వరసలో కూర్చుంటాం. మీకు హిందీ, ఇంగ్లీషు రాయడం వచ్చు, ఆఫీసుకు కాగితం ఎలా పెట్టాలో తెలుసు. మీ డబ్బు అడగడం లేదు. నెలలో ఒక సాయంత్రం అడుగుతున్నాం. పేరెంట్ మీటింగు రోజు ఒక తల్లి పక్కన నిలబడి టీచరు చెప్పింది తెలుగులో చెప్పండి, ఆమె చెప్పింది హిందీలో చెప్పండి. మీ ఇంట్లో వంట చేసే ఆమె ఆ పూట సెలవడిగితే జీతం కోయకండి. ఈ రెండోది మొదటిదానికన్నా మీకు కష్టమేమో, అయినా అడుగుతున్నాం.

ఏం రాయాలి

మీ మాటల్లోనే రాయండి. రాయడం రాకపోతే చెప్పండి, పెద్ద తరగతుల పిల్లలు రాస్తారు. 'బడి బాగాలేదు' అని రాస్తే దానికి ఎవరూ ఏమీ చేయలేరు. ఏ తరగతి, ఏ నెల, ఏం జరిగింది, ఎవరిని అడిగారు, ఏమన్నారు, అది రాయండి. టీసీ కోసం ఎన్ని వారాలు తిరిగారు. పేరు ఎలా తప్పు పడింది. ఏ పాఠం మొదలు పిల్లకు అర్థం కావడం ఆగిపోయింది. నీళ్లు ఏ రోజుల్లో రావు. ఏ టీచరు దగ్గర పిల్ల నవ్వుతూ వస్తుంది, ఎందుకు. పిల్లలూ, మీరు విడిగా రాయండి, అమ్మానాన్న చూడకుండా రాయాలనుకుంటే మడిచి ఇవ్వండి. మీకు తెలిసింది మాకు తెలియదు.

వాటన్నిటినీ కలిపి హిందీలో ఒక్క అర్జీ చేస్తాం. అడగబోయేవి పెద్దవేమీ కావు. పేరెంట్ మీటింగు ఆదివారం గానీ సాయంత్రం గానీ పెట్టాలి. బోర్డుకు పంపే ముందు ప్రతి పిల్ల పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ ఉన్న కాగితం ఇంటికి పంపి సరిచూయించాలి. జులైలో చేరిన పిల్లలకు ఏప్రిల్, మే పాఠాలు బడి అయ్యాక ఒక గంట చెప్పాలి. బయటి రాష్ట్రాల పిల్లలకు హిందీ అంకెల అట్ట లాంటిది ప్రతి తరగతిలో పెట్టాలి. తెలుగు, ప్రారంభిక హిందీ పేపర్ల సంగతి రాతపూర్వకంగా చెప్పాలి. బడి మూసిన రోజుల్లో పాఠం కాగితం మీద కూడా దొరకాలి. మరుగుదొడ్డికి గడియ, నీళ్లు. ఇంకా ఏమైనా ఉంటే మీరే చేర్చండి.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు వైశాలి మెట్రో స్టేషను కింద, ఈ-రిక్షాలు ఆగేచోట కలుద్దాం. అక్కడి నుంచి దగ్గరి పార్కులోకి వెళ్లి కూర్చుంటాం. వాన వస్తే స్టేషను మెట్ల కిందే. వచ్చేటప్పుడు పిల్ల టీసీ, ఆధార్, కిందటేడు మార్కుల కాగితం జిరాక్సు తెచ్చుకోండి, పేర్లు అక్కడికక్కడే సరిచూద్దాం. తొమ్మిదో తరగతి పిల్లలున్నవాళ్లు తప్పకుండా రండి. ఆదివారం కూడా పని ఉన్నవాళ్లు పిల్లను పంపండి, వాచ్‌మన్ డ్యూటీ వాళ్ల దగ్గరికి సోమవారం రాత్రి మేమే గేటు దగ్గరికి వస్తాం. పక్కింటి హిందీవాళ్లను, బెంగాలీలను కూడా పిలుచుకురండి. తలా ఒక పెన్ను తెచ్చుకోండి, కాగితాలు మేం తెస్తాం.